శుక్రవారపు ఉప్పు

రోజూ పొయ్యి వెలిగించే ముందు వంటమ్మ మోకరించేది.

ఆసుపత్రి వెనకవైపు వంటశాల, దానికి ఆనుకుని సరుకుల గది. బియ్యం బస్తాలకూ నూనె డబ్బాలకూ మధ్య ఒక మనిషి ఒదిగేంత సందు. ఆ సందులో మడతపెట్టిన గోనెసంచి ఒకటి ఉండేది. గది ఊడ్చేవాళ్ళు కూడా దాన్ని ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ అక్కడే పరిచేవారు. తెల్లవారుతుండగా ఆమె వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, తలమీద గుడ్డ కప్పుకుని ఆ గోనె మీద మోకాళ్ళూనేది. లోపల్నుంచి "ఆమెన్" అని వినపడేదాకా వంటశాలలో ఎవరూ గిన్నె చప్పుడు చేసేవారు కాదు.

ఒకనాడు పాలు తెచ్చే అతను తొందరపడి గొణిగాడు.

"ముందు పాలు దింపుకోవమ్మా! దేవుడెక్కడికీ పోడుగా."

"దేవుడు పోడు నాయనా, పోయేది నేనే. ఒక్కసారి పొయ్యి అంటుకుందంటే ఇక నన్ను పట్టుకోవడం ఆయన తరం కూడా కాదు" అంటూ ఆమె లేచి వచ్చి, ఇంకా చిరాకు ముఖంతోనే ఉన్న అతని చేతిలోంచి క్యాను అందుకుంది. ఆ తర్వాత అతను కూడా గోడవారన నిలబడి, టోపీ తీసి ఆగడం అలవాటు చేసుకున్నాడు. ప్రార్థన చేసేవాడు కాదట. "ఊరికే నిలబడతా, కాళ్ళకి కాస్త విశ్రాంతి" అనేవాడట.

ఇక శుక్రవారాలు ఉపవాసం. తెల్లవారింది మొదలు, సాయంత్రం పక్క వీధి మేడమీది ప్రార్థన గదిలో ఆడవాళ్ళ కూడిక ముగిసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. మామూలు మనిషికైతే కడుపు ఒక్కటి మాడ్చుకుంటే సరిపోతుంది. వంటమనిషికి ఉపవాసమంటే మాటలు కాదు. వండేది తానే, వడ్డించేది తానే. మరి ఉప్పెవరు చూడాలి? తినబోయేది రోగులు. ఒక పలుకు ఎక్కువైతే మంచం మీది మనిషి పళ్ళెం తోసేస్తాడు, తక్కువైతే అసలు ముద్దే ఎత్తడు.

"కొంచెం నాలిక మీద వేసుకుని ఉమ్మెయ్యొచ్చుగా వదినా, కడుపులోకి పోదుగా" అని తోటి వంటమనిషి సలహా ఇచ్చింది. పెద్ద గరిటె ఎప్పుడూ చేతిలో ఉండే ఆవిడను అందరూ గరిటె పిన్ని అనేవారు.

"దేవుడికిచ్చిన మాట ఉమ్మేస్తే పోయేది కాదమ్మా" అంది వంటమ్మ.

అందుకని ఆ పని ఆమె భర్తకు దక్కింది. ఆయన అదే ఆసుపత్రికి గేటు కాపలా. శుక్రవారం పొద్దెక్కగానే కుర్చీలోంచి లేచి, టోపీ చంకన పెట్టుకుని వంటశాలలోకి వచ్చేవాడు. ఆమె గరిటెతో ఆయన అరచేతిలో కాస్త కూర వేసేది. ఊదుకుని, నాకి, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పే పెద్దమనిషిలా నిలబడేవాడు.

"చెప్పండి మరి. బండి మీదికి ఎక్కించాలి."

"ఉండవే. తీర్పు తొందరపడి చెప్పకూడదు. ఇంకొంచెం వెయ్యి."

"చూడమంటే నింపుకుంటున్నారు మీరు!"

"నీ ఉపవాసానికి నా పొట్టే సాక్షి. అది నిండుగా ఉంటేనే సాక్ష్యం గట్టిగా ఉంటుంది."

ఆసుపత్రి అంతా ఆయనకు 'శుక్రవారం నాలుక' అని పేరు పెట్టింది. ఆయన సరే అంటేనే ఆ రోజు కూర బండెక్కేది.

ఈ ముచ్చట్లేవీ కోడలు కళ్ళారా చూడలేదు. ఆమె ఆ ఇంట కాలుపెట్టేసరికి మామగారు గోడ మీద పటమై ఉన్నారు. మెట్ల పక్కన రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం, వెనక గదిలో పొయ్యి, కిటికీ కింద ఆయన కూర్చునే కుర్చీ. ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. అలాగని దాన్ని పూజించేవాళ్ళూ కాదు, ఉతికిన బట్టలు మడతపెట్టి దానిమీదే పెట్టేవారు. కోడలిది కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. చేతులకు ఎప్పుడూ నల్లటి జిడ్డు ఉండే మనిషి, మాట తక్కువ.

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి శుక్రవారం కోడలికి బాగా గుర్తు. అత్తగారు తినలేదు. భర్త కూడా పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చి, ఆకలి లేదన్నాడు. ఇల్లంతా ఇంత భక్తిగా ఉంటే తానెలా తినాలని ఆమె కూడా పస్తుండిపోయింది. కళ్ళు తిరుగుతుండగా అతని పనిసంచి సర్దబోతే, పానాల మధ్య నుంచి రొట్టె చుట్టిన కాగితం బయటపడింది.

"మీరు ఉపవాసం కాదా?" అంది తెల్లబోయి.

"ఉపవాసాలకీ నాకూ చుట్టరికం తెగిపోయింది" అన్నాడతను. మరి ఇంట్లో ఎందుకు తినలేదని అడిగితే లేచి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

తర్వాత ఆమెకు ఆ ఇంటి తీరు అర్థమైంది. అతను తల్లికి ఏ లోటూ చేయడు. మందులు తెస్తాడు, చెప్పులు తెగితే కుట్టిస్తాడు, వాన వస్తే గొడుగు పట్టుకుని ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి తీసుకొస్తాడు. కానీ ఆమె పక్కన కూర్చుని తినడు. ఆమె ప్రార్థనకు తలమీద గుడ్డ వేసుకుంటే చాలు, మెట్ల మీదికి వెళ్ళిపోతాడు. శుక్రవారమైతే ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టడు.

కారణం గరిటె పిన్ని చెప్పింది. అత్తగారికి అన్నం గిన్నె ఇవ్వడానికి వెళ్ళిన కోడలిని ఉల్లిపాయల బుట్ట పక్కన కూర్చోబెట్టుకుని, కత్తిపీట ఆపకుండానే చెప్పింది.

"మీ మామ ఊపిరితిత్తులు చెడి ఇక్కడే, ఆ చివరి వార్డులో పడుకున్నాడే. మీ అత్త ఆయన్ని బతికించమని వారం వారం దేవుడి కాళ్ళు పట్టుకుంది. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆయనకి కాస్త తేరుకున్నట్టుంది. లేచి కూర్చుని, నీ చేతి కూర తింటానన్నాడు. ఇదేమో రెక్కలు కట్టుకుని పళ్ళెం పట్టుకెళ్ళింది. ఆయన ముద్ద కలిపి దీనికే అందించాడు. 'ఇన్నేళ్ళూ నీ కోసం నేను రుచి చూశాను. ఇవాళ ఒక్క ముద్ద నా పక్కన కూర్చుని తిను. ఒక్కణ్ణీ తినబుద్ధి కావట్లేదే' అన్నాడు."

"తినలేదా అత్తయ్య?"

"'ఇవాళ శుక్రవారం కదండీ, మీ కోసమే కదా ఉంటున్నాను, రేపు మీ పక్కన కూర్చుని తింటాను' అంది. ఆయన 'అలాగేలే' అన్నాడు. ఆ ముద్ద తనే నోట్లో పెట్టుకుని, 'ఉప్పు సరిపోయింది' అని పళ్ళెం పక్కన పెట్టేశాడు. నీ మొగుడు అక్కడే మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. సాయంత్రం ఇది కూడికలో ఆయన కోసం ఏడ్చి ఏడ్చి ప్రార్థిస్తోంది. అదే వేళకి ఆయన పోయాడు. పక్కన కొడుకు ఒక్కడే."

 ఉల్లిపాయ ఘాటు ఉండనే ఉంది కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కోడలు మొహమాటపడలేదు.

"అత్తయ్యది తప్పేనా పిన్నీ?"

"తప్పూ ఒప్పూ తేల్చడానికి నేనెవర్నే? ఉల్లిపాయలు కోసేదాన్ని. ప్రేమ లేక కాదు. కానీ ప్రేమ వెళ్ళి పక్క వీధిలో మోకరిస్తే మంచం మీది మనిషికి కనపడదు కదా."

అదీ సంగతి. ఆ రోజు నుంచి కొడుకు తల్లితో పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది, ఎప్పుడో ఒకప్పుడు తగవు తెగేది. అతను ఊరికే పక్కకు తప్పుకున్నాడు. తల్లి నుంచీ, తల్లి దేవుడి నుంచీ.

వంటమ్మ మాత్రం ఉపవాసం మానలేదు. ఇప్పుడు అది కొడుకు కోసం. ఒకనాడు తెల్లవారుజామున కోడలు సరుకుల గది గుమ్మం దగ్గర నిలబడి ఆమె ప్రార్థన విన్నది. వినాలని కాదు, మరిచిపోయిన తాళంచెవి ఇవ్వడానికి వెళ్ళింది. "ప్రభువా, నా కొడుకు నా పక్కన కూర్చుని ఒక్క పూట తినేలా చెయ్యి. వాడు నీ దగ్గరికి ఇప్పుడే రాకపోయినా సరే. ముందు నా దగ్గరికి రానీ. నా దగ్గర్నుంచి నీ దగ్గరికి దారి నేను చూపిస్తాను." తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు, ఆపైన "ఆమెన్", ఆపైన పొయ్యి అంటుకున్న చప్పుడు.

ఒక్క మార్పు మాత్రం వచ్చింది. దాన్ని గమనించినవాళ్ళు తక్కువ. శుక్రవారం మధ్యాహ్నం, బళ్ళు వార్డులకు వెళ్ళిపోయాక, వంటమ్మ తన వాటా అన్నం పళ్ళెంలో పెట్టుకుని నడవలోకి వచ్చేది. రోగుల తాలూకు మనుషులు అక్కడ బల్లల మీద పడిగాపులు పడి ఉంటారు. వాళ్ళలో ఒంటరిగా ఉన్నవాళ్ళను వెతికేది. ఒకసారి కోడలు చూస్తుండగానే ఒక ముసలాయన ముందు పళ్ళెం పెట్టి పక్కన కూర్చుంది. ఆయన భార్య లోపల వార్డులో ఉంది.

"నువ్వూ తిను తల్లీ" అన్నాడాయన మొహమాటంగా.

"నేను రేపు..." అని వంటమ్మ ఆగిపోయింది.  సర్దుకుని, "మీరు తినండి బాబాయ్. అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను. ఉప్పు సరిపోయిందా?" అంది.

"కాస్త ఎక్కువైందమ్మా."

"శుక్రవారం కదా. ఇవాళ ఉప్పు చూసేది మా గరిటె పిన్ని, ఆవిడది ధారాళమైన చెయ్యి."

ఆయన తిని చెయ్యి కడుక్కునేదాకా ఆమె లేవలేదు. ఉపవాసం మానలేదు గానీ, పక్కన కూర్చోవడం నేర్చుకుంది.

ఆ తర్వాత ఏడాది ఆమె ఉపవాసాలు ఎక్కువయ్యాయి. శుక్రవారానికి తోడు ఇంకో రోజు, తర్వాత మరో రోజు.

"ఇవాళ మంగళవారం కదత్తయ్యా?" అనేది కోడలు.

"ఒక సంగతి కోసం ఉంటున్నానులే తల్లీ."

ఆ సంగతి ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ రెట్టించలేదు. కొడుకు ఒక్కసారి, తలుపు వైపు చూస్తూ, "నా కోసం ఎవరూ పస్తులుండక్కర్లేదని చెప్పు" అన్నాడు. తల్లి ఎదురుగానే ఉంది. అయినా భార్యకే చెప్పాడు. ఆడవాళ్ళ కూడికలో ఆమె పేరు మారుమోగింది. "అక్కను చూడండి, ప్రార్థనకు ఎంత ముందుచోటు ఇచ్చిందో, ఒళ్ళు కరిగిపోతున్నా లెక్కచేయడం లేదు" అని పాస్టరుగారు ఆదివారం వాక్యంలో ఆమెనే ఉదాహరణగా చెప్పారు. వంటమ్మ తల వంచుకుని కూర్చుంది. అది వినయమనుకున్నారంతా. ఆమె జాకెట్లు వదులైతే కోడలే రెండుసార్లు పక్కకుట్లు వేసి బిగించింది. సూది దిగుతుంటే, ఇంత భక్తిగల మనిషి బట్టలు కుట్టే భాగ్యం తనకు దొరికిందని మనసులో స్తోత్రం కూడా చెప్పుకుంది. తర్వాత జీవితమంతా ఆ కుట్లు ఆమె గుండెల్లో దిగుతూనే ఉన్నాయి.

బయటపడింది ఒక సాయంత్రం. కూడిక అయిపోయింది, ఉపవాసం తీరిపోయింది. కోడలు పాలల్లో రొట్టె నానబెట్టి ఇచ్చింది. వంటమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని గోడకేసి తిరిగి కూర్చుంది. ఎంతసేపైనా దవడ కదలడం లేదు. కోడలు అటు తిరిగి చూస్తే, ఆమె రెండు చేతులతో గొంతు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. కాసేపటికి ఆ ముక్క ఉన్నదున్నట్టు చేతిగుడ్డలోకి వచ్చేసింది.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

ఆమె తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్లలా చూసింది. "చాన్నాళ్ళయింది తల్లీ. మొదట్లో ముద్ద దిగేది కాదు, ఇప్పుడు జావ కూడా ఆగిపోతోంది. ఎలాగూ తినలేకపోతున్నాను కదా, ఆ పూటలు ఊరికే పోవడమెందుకు, వాడి పేరు మీద దేవుడికి ఇచ్చేద్దామనుకున్నా."

అన్నవాహికలో రాచపుండు, బాగా ముదిరిపోయిందన్నారు డాక్టర్లు. మరో ఇంట్లో అయితే మనిషి రెండు పూటలు తినకపోతే ఏమైందని అడిగేవారు. ఈ ఇంట్లో, ఈ సంఘంలో, ఆమె తినకపోతే స్తోత్రం చెప్పారు.

పాస్టరుగారు చూడ్డానికి వచ్చి మంచం పక్కన నిలబడలేక కింద కూర్చున్నారు. చేతిలోని సంచి అటూ ఇటూ మార్చుకుంటూ, "నేనే పొగిడానమ్మా. మీ ముఖం చూసి అడగాల్సింది పోయి, పొగిడాను" అన్నారు.

"మీరేం చేస్తారయ్యా, నేనే మిమ్మల్ని మోసం చేశాను" అంది వంటమ్మ. అప్పటికే గొంతు గుసగుసగా మారింది. "మిమ్మల్నే కాదు. పుచ్చిపోయిన కూరగాయలు ఏరి బుట్టలో అడుగున పెట్టి అంటగట్టే వర్తకుడు ఉంటాడు చూడండి, నేను దేవుడితో అలా చేశాను. తినలేని అన్నాన్ని మానుకున్నానని చెప్పి ఇచ్చాను. ఆయనకు తెలియదా?"

"ఆయన అదీ తీసుకుంటాడమ్మా. ఆయన బుట్ట తిరగేసి చూసే మనిషి కాదు."

ఆమె నవ్వింది. నవ్వితే నొప్పి వచ్చింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

పొట్టకు గొట్టం పెట్టి ఇంటికి పంపారు. ఇక చేయగలిగింది లేదన్నారు. కోడలు దుకాణం మానేసి, పూటపూటకీ పలచటి జావ వడగట్టి ఆ గొట్టంలో పోసేది. కొడుకు లిఫ్టు పనికి వాడే సామానుతోనే ఒక మంచం చేశాడు. పక్కనున్న చక్రం తిప్పితే తలవైపు లేస్తుంది. రోజూ పొద్దున వచ్చి ఆ చక్రానికి నూనె వేసి, దిండు సర్ది, "నొప్పిగా ఉందా?" అని అడిగేవాడు. "లేదు నాయనా" అనేది. అక్కడితో మాటలు అయిపోయేవి. ఆమె తలగుడ్డ కోసం చెయ్యి చాపగానే అతను మెట్ల మీదికి వెళ్ళిపోయేవాడు. కానీ తలుపు మూసేవాడు కాదు. అది కోడలు మాత్రమే చూసింది.

మోకరించడం కుదరదు కాబట్టి పడుకునే ప్రార్థించేది. పొయ్యి వెలిగించే ముందు కోడలు వచ్చి మంచం పక్కన నిలబడాలి. ఇద్దరూ "ఆమెన్" అన్నాకే అగ్గిపుల్ల. కానీ శుక్రవారం వచ్చిందంటే ఆమె కుదురుగా ఉండేది కాదు.

"ఏమైందత్తయ్యా?"

"చుట్టాలింటికి చేతులు ఊపుకుంటూ వెళ్ళినట్టుందే. ఇచ్చేందుకేమీ లేదు. ఆకలి లేదు, రుచి లేదు. మానుకోవడానికి నా దగ్గర ఏదైనా ఉండాలి కదా?" కాసేపాగి, "నువ్వు పోసే జావ ఒక్కటే ఉంది" అంది.

కోడలికి అర్థమైంది. మందులివ్వడానికి వచ్చిన నర్సమ్మను అడిగింది. పొద్దుటి పూటది మధ్యాహ్నం పోస్తే ప్రాణానికేమీ కాదు, నీరసపడితే మాత్రం వెంటనే పోసెయ్యమని ఆమె చెప్పింది. అలా ఆ శుక్రవారం పొద్దున కోడలు జావ కాచి, మూత పెట్టి, పక్కనుంచింది. వంటమ్మ ముఖంలో ఎన్నాళ్ళకో వెలుగులాంటిది కనిపించింది. చేతికి ఏదో దొరికిన మనిషిలా ఉంది.

"కూర వండుతున్నావా?"

"మీ అబ్బాయికి కాదులెండి, ఇవాళ శుక్రవారం. నాకోసం కొంచెం."

"ఎక్కువ వండు. గిన్నె ఇక్కడికి తీసుకురా. ఉప్పు నేను వేస్తాను."

కోడలు పొగలు కక్కుతున్న గిన్నె తెచ్చి కుర్చీ మీది బట్టలు తీసి, దానిమీద పెట్టింది. వంటమ్మ మంచం మీద నుంచి వంగి, కళ్ళు మూసుకుని ఆవిరి పీల్చింది. వేళ్ళతో ఉప్పు తీసుకుని, ఒకసారి చల్లి, ఆగి, ఇంకొంచెం చల్లింది. ఎన్ని వేల మందికి వండిన చెయ్యో అది. ఇప్పుడు చిటికెడు ఉప్పుకే అలసిపోయింది. నోట్లో నీళ్ళూరితే మింగలేక గుడ్డతో తుడుచుకుంది.

అప్పుడే కొడుకు ఫోను చేశాడు.

"జావ పోశావా?"

కోడలు అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఇంకా లేదండీ. శుక్రవారం కదా, మధ్యాహ్నం పొయ్యమన్నారు అత్తయ్య."

 అతను ఫోను పెట్టేశాడు.

కూర చల్లారకముందే మెట్ల మీద అడుగులు వినిపించాయి. జిడ్డు చేతులతోనే వచ్చాడు. భుజాన పనిసంచి ఉంది. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"నీకు బుద్ధుందా? ఆవిడ చెప్తే నువ్వు మానేస్తావా? ఆ గొట్టంలో పోసే నాలుగు గరిటెల మీద బతుకుతున్న మనిషిని పస్తు పెడతావా?"

"నర్సమ్మను అడిగే..."

"ఎవర్నడిగితే నాకేం? ఉపవాసం, ఉపవాసం! ఆ ఉపవాసం వల్లే కదా..." అని తల్లి వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేరుగా ఆమెకే చెప్పాడు. "ఒక్క ముద్ద అడిగాడమ్మా నాన్న! ఒక్క ముద్ద! నీ దేవుడికి అంత లోటొచ్చేదా?"

 కోడలు ఎక్కడ నిలబడాలో తెలియక గోడకు ఆనుకుంది. వంటమ్మ కళ్ళు దించుకోలేదు. ఈ మాట కోసమే ఇన్నాళ్ళూ కనిపెట్టుకుని ఉన్నట్టు, చివరికి వచ్చిందన్నట్టు చూసింది.

"లేదు నాయనా. దేవుడికేమీ లోటొచ్చేది కాదు" అంది. గుసగుస వినపడక అతను ఒక అడుగు ముందుకు వెయ్యాల్సి వచ్చింది. "ఆయన అన్నం మానమన్నాడు గానీ మనిషిని మానమనలేదు. నేనే బేరమనుకున్నా. ఒక్క ముద్ద తింటే బేరం చెడి మీ నాన్న పోతాడేమోనని భయపడ్డా. దేవుణ్ణి ముందు పెట్టాననుకున్నాను, ముందు పెట్టింది నా భయాన్ని. అది ఆయన దగ్గర ఒప్పుకున్నాను, ఒప్పుకోని రోజు లేదు. నీ దగ్గర ఒప్పుకోలేదు. ఎప్పుడు చెబుదామన్నా నువ్వు మెట్ల మీద ఉండేవాడివి."

అతని సంచి భుజం నుంచి జారి నేల మీద పడి, లోపల పానాలు గలగలమన్నాయి.

"మరి ఇంకా ఎందుకుంటావు? ఇన్నేళ్ళూ ఎందుకున్నావు?" అన్నాడు చివరికి. 

"బేరం కాదని తెలిశాకే కదా అసలు ఉపవాసం మొదలైంది. ఆకలేసినప్పుడల్లా నువ్వు గుర్తొచ్చేవాడివి. గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకి చెప్పుకునేదాన్ని. తల్లికి అంతకంటే ఏం కావాలి?"

ఆయాసమొచ్చింది. కోడలు దగ్గరికి రాబోతే చేత్తో వారించింది. కాసేపు కళ్ళు మూసుకుంది. కొడుకు అలవాటుగా మంచం చక్రం మీద చెయ్యి వేసి, తలవైపు కొంచెం ఎత్తాడు. ఊపిరి సర్దుకున్నాక ఆమె అతని జిడ్డు చేతిని పట్టుకుంది. అతను లాక్కోలేదు.

"ఒక్క ఉపకారం చేసిపెట్టు నాయనా. ప్రార్థన చెయ్యమనను, కళ్ళు కూడా మూసుకోవద్దు. అమ్మాయీ, పళ్ళెం తీసుకురా... ఆ గిన్నె దించి, మీ నాన్న కుర్చీ ఇటు లాక్కుని నా పక్కన కూర్చో. కూర్చుని కాస్త తిను. రేపు తింటాలే అనకు. తిని, ఎలా ఉందో చెప్పు. ఉప్పు నేనే వేశాను. సరిపోయిందో లేదో నాకు తెలియదు. ఇవాళ శుక్రవారం కదా, నేను రుచి చూడలేదు."